సంత గొడ్డలి, మాలు పానా

పోయిన వేసవిలో పెరట్లో మోటారు గడగడలాడుతోందని దిమ్మ బోల్టు బిగించబోయాను. 8 ఎమ్.ఎమ్. బోల్టు. దానికి 13 నంబరు పానా పట్టాలి. రెండు చుట్లు బాగానే తిరిగింది. మూడో చుట్టుకి చేతికి మెత్తగా తగిలింది. నట్టు కదల్లేదు, పానా మాత్రం జారి తిరిగింది. తీసి చూస్తే దాని నోరు తెరుచుకుపోయి ఉంది, రెండు దవడలూ చెరోవైపుకి జరిగిపోయాయి. నట్టు మూలలు గుండ్రంగా అరిగిపోయాయి. చివరికి ఉలి పెట్టి కొట్టి ఊడదీయాల్సొచ్చింది. ఆ పానా ఊళ్ళో ఒక చవక మాల్లో 299 రూపాయలకి ఎనిమిది పానాల సెట్టుగా కొన్నది. అద్దంలా మెరుస్తుంది. మీద 'క్రోమ్ వెనేడియం' అని ఉబ్బెత్తు అక్షరాలు కూడా ఉన్నాయి.

ఆ నెలలోనే ఒడిశాలో మా రాయగడ జిల్లా చాటికోన బుధవారం సంతలో ఒక గొడ్డలి కొన్నాను. కామ లేకుండా 250 రూపాయలు. నల్లగా ఉంటుంది, ఒళ్ళంతా సుత్తి దెబ్బల గుంటలు. ఇంటికి తెస్తే మా ఆవిడ, "ఇదేటండీ, కాలిపోయిన కొంపలోంచి ఏరుకొచ్చినట్టుంది" అంది. ఆ గొడ్డలితో గాలివానకి పడిన చింతకొమ్మ మొత్తం నరికి కట్టెలు చేశాం. చింత కర్ర ఎంత మొండిదో కొట్టినవాడికే తెలుసు. అంచు ఎక్కడా మడత పడలేదు, పెచ్చు లేవలేదు.

రెండూ చవక వస్తువులే. ఆ పానా, ఈ గొడ్డలీ చాలా రోజులు వరండాలో ఒకే పెట్టెలో పక్కపక్కన ఉన్నాయి. అవి రోజూ కంటపడుతుంటే నాకు తోచింది ఇది: చవక వస్తువంటే ఎక్కడో ఒక పని మానేసిన వస్తువు. ఏదో ఒకటి మానకుండా ఆ ధరకి ఎవరూ ఇవ్వలేరు. ఏ పని మానేశారో పట్టుకుంటే చాలు, ధర సంగతి తర్వాత చూసుకోవచ్చు. పానా చేసినవాళ్ళు మెరుగు పెట్టారు, పదునెక్కించడం మానేశారు. గొడ్డలి చేసినతను పదునెక్కించాడు, మెరుగు మానేశాడు. పదునంటే ఇక్కడ అంచు వాడి కాదు. ఇనుముని కాల్చి, నీళ్ళు చూపించి, దానికి లోపల గట్టిదనం తెప్పించడం. అది కంటికి కనపడదు. అందుకే దాన్ని మానేయడం తేలిక.

మా ప్రాంతంలో కొనుగోలంటే ఇప్పటికీ సగం సంతే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా జయపురం సంస్థానపు ఈ కొండలు మద్రాసు రాజధాని విశాఖపట్నం జిల్లాలో ఉండేవి. కోరాపుట్ నుంచి విడిపోయి రాయగడ వేరే జిల్లా అయింది 1992 అక్టోబరు 2న. పటం మీద గీతలు ఇన్నిసార్లు మారినా వారం సంతలు మాత్రం వాటి రోజులు వదల్లేదు. కోరాపుట్ వైపు కుందులి సంత శుక్రవారం. చాటికోనలో బుధవారం. చాటికోన సంతకి నియమగిరి కొండల మీంచి డోంగ్రియా కోందు ఆదివాసులు పసుపు, అల్లం, అనాస, పనస మోసుకుని దిగుతారు. మొగాడి భుజం మీద టాంగియా ఉంటుంది, అంటే గొడ్డలి. తెలుగు, ఒడియా, వాళ్ళ కువి మూడూ ఒకే బేరంలో దొర్లుతాయి. డబ్బు లెక్క ఒక భాషలో, తిట్టు ఇంకో భాషలో.

కొలిమి ఎప్పుడూ సంత అంచునే, చెట్టు కింద. నీడ కోసమనుకునేవాణ్ణి చిన్నప్పుడు. నీడ కోసమే గాని, మనిషికి కాదు. ఎండలో ఎర్రగా కాలిన ఇనుము రంగు సరిగ్గా తెలీదు. నీడలో అయితే ముదురెరుపు, చెర్రీ ఎరుపు, నారింజ వేరువేరుగా తెలుస్తాయి. కొలిమి పనివాడికి ఉష్ణమాపకం ఆ రంగే. తోలు తిత్తి బదులు ఇప్పుడు చేత్తో తిప్పే చిన్న బ్లోయరు వచ్చింది. దాగలి ఒక జానెడు రైలు పట్టా ముక్క, నేలలో పాతిన మొద్దుకి దిగ్గొట్టి ఉంటుంది. పక్కన పట్టకార్లు, రెండు సుత్తులు, ఒక సమ్మెట, నీళ్ళ తొట్టి. సామానంతా ఒక సైకిలు మీద వచ్చి ఒక సైకిలు మీద పోతుంది.

నేను గొడ్డలి కొన్నాయన పార్వతీపురం వైపు కమ్మరి. అతని ముందు ఒక డోంగ్రియా పెద్దాయన కూచుని గొడ్డళ్ళు ఏరుతున్నాడు. చూస్తూ నిలబడ్డాను. ముందు గొడ్డలిని రెండు వేళ్ళతో కన్నం దగ్గర వేలాడదీసి, గోటితో అంచు మీద టింగుమనిపించాడు. చెవి దగ్గర పెట్టుకుని చప్పుడు ఎంతసేపు సాగుతుందో విన్నాడు. ఒకటి రెండు 'టక్'మని ఆగిపోయాయి, పక్కన పెట్టేశాడు. లోపల పగులుంటే మోగదు. తర్వాత కన్నంలోంచి ఒక కన్ను మూసి చూశాడు. అంచు గీత కన్నం మధ్య గీతకి సూటిగా వస్తోందా లేదా అని. పక్కకి వంకరుంటే ప్రతి దెబ్బా చేతిని తిప్పేస్తుంది. చివరికి బొటనవేలి గోరు మీద అంచుని మెల్లగా ఆనించాడు. జారితే వాడి లేదు, గోటిని పట్టుకుంటే ఉంది. మొత్తం మీద ఒక్క మాట మాట్లాడలేదు, ధర కూడా అడగలేదు. ఏరుకున్నాకే బేరం.

నేను మాత్రం నోరు ఊరుకోక అడిగాను, కాస్త నున్నగా ఉన్నది లేదా అని. కమ్మరి నవ్వాడు. "ఏటి బావూ, మెరుపు గావాలా? ఇంకో యాభై ఇయ్యండి, ఇసక కాయితం పట్టించేస్తాను. కర్ర అయితే అలాగే తెగుద్ది." మెరుపు ఖరీదు యాభై రూపాయలని అంత సూటిగా చెప్పిన దుకాణదారుణ్ణి నేనెక్కడా చూడలేదు.

ఆ గొడ్డలిని కాస్త దగ్గరగా చూద్దాం. అది రెండు ఇనుముల వస్తువు. ఒళ్ళంతా మెత్తని ఇనుము, పాత పట్టీ బద్ద. దాన్ని కాల్చి మధ్యకి మడిచి, ఆ మడతలో కామ పట్టే కన్నం వదిలారు. రెండు కొసలూ కలిసే చోట అంచుకి లారీ కమాను పట్టీ ముక్క పెట్టి, తెల్లని వేడిలో సమ్మెటతో కొట్టి ఒకటి చేశారు. పక్కనుంచి చూస్తే అతుకు సన్నని నల్ల వెంట్రుకలా కనిపిస్తుంది, కొంతదూరం పోయాక అదీ మాయమవుతుంది. అక్కడ రెండూ నిజంగా ఒకటైపోయాయన్నమాట. గట్టి ఉక్కు అంచుకే, ఒళ్ళు మెత్తనిది. మొత్తం గట్టి ఉక్కే అయితే దెబ్బకి పగులుతుంది, మొత్తం మెత్తనిదైతే మడతపడుతుంది. కన్నం పైన వెడల్పు, కింద ఇరుకు. కామని పైనుంచి కిందికి దూర్చాలి. ఊపిన కొద్దీ తల కామకి ఇంకా బిగుసుకుంటుంది గాని ఊడి ఎగరదు. మేకు లేదు, జిగురు లేదు.

లారీ కమాను ఎందుకంటే, ఈ ఘాటీ రోడ్లలో అది దొరికినంత విరివిగా ఇంకే మంచి ఉక్కూ దొరకదు. బాక్సైటు, కర్ర, సిమెంటు మోసే లారీలు ఎక్కీ దిగీ కమాన్లు విరుగుతాయి, విరిగినవి పాత ఇనుము కొట్లో కిలోల లెక్కన అమ్ముడుపోతాయి. కమాను ఉక్కులో కర్బనం నూటికి అరపాలు, ఆ పైన. మామూలు ఇనుప కడ్డీలో అందులో సగం కూడా ఉండదు. కర్బనం లేని ఇనుముని ఎన్నిసార్లు కాల్చి నీళ్ళలో ముంచినా గట్టిపడదు. ఇది మనవాళ్ళకి ఎప్పటినుంచో తెలిసిన విద్య. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించిన ఉక్కులో కర్బనం ఒకటిన్నర పాళ్ళ దాకా ఉండేది. దాన్ని కొనడానికి పర్షియా వ్యాపారులు అంతదూరం వచ్చేవాళ్ళు.

కమాను ఉక్కుకి వంగి మళ్ళీ లేచే గుణం తెచ్చే సరుకుల్లో సిలికాను ఒకటి, క్రోమియం ఇంకొకటి. ఆ రెంటినీ ఉక్కులో కలపడానికి ఫెర్రో లోహాలు కావాలి. అవి చేసే ఇండియన్ మెటల్స్ అండ్ ఫెర్రో ఎల్లాయ్స్ కంపెనీ 1961లో మొదలైంది మా జిల్లా తెరుబలిలోనే. మాల్లో కొన్న పానా మీద క్రోము పేరు చదువుతున్నప్పుడు నాకు ఆ కొలిమి పొగే గుర్తొచ్చింది. పేరుంటే చాలదు కదా, సరుకుండాలి. సరుకుంటే చాలదు, కాల్చి పదునెక్కించాలి.

ఆ పదునెక్కించడం చూడ్డానికే నేను సంతకి పోతాను, ఏమీ కొనకపోయినా. గొడ్డలి అంచు ఎర్రబడ్డాక కమ్మరి దాన్ని మొత్తం తొట్లో పారేయడు. అంచు అంగుళం మేరే నీళ్ళలో దించి, నాలుగంకెలు లెక్కపెట్టేంతసేపు పైకీ కిందికీ ఆడిస్తాడు. ఒకేచోట ఆపితే నీటి గీత దగ్గర పగులు తీస్తుంది. బయటికి తీస్తాడు. అంచు చల్లబడింది, వెన్ను ఇంకా కణకణలాడుతోంది. వెంటనే రాతి ముక్కతో అంచుని రెండు గీతలు రుద్దుతాడు, తెల్లటి ఇనుము బయటపడేలా. ఇప్పుడు వెన్నులో మిగిలిన వేడి మెల్లగా అంచువైపు నడుస్తుంది. ఆ తెల్లని చోట రంగులు పుడతాయి. ముందు ఎండుగడ్డి రంగు, అది దాదాపు 230 డిగ్రీలు. తర్వాత బెల్లం రంగు. తర్వాత నేరేడు రంగు. 300 దగ్గరికి వచ్చేసరికి నెమలి మెడ నీలం. ఒక్కో రంగుకీ మధ్య ఊపిరి తీసేంత వ్యవధే ఉంటుంది. గడ్డి రంగు దగ్గర ఆపితే అంచు గాజులా ఉంటుంది, ముడికి తగిలితే పెచ్చు లేస్తుంది. నీలం దాటనిస్తే మళ్ళీ మెత్తబడుతుంది. గొడ్డలికి ఆయన నేరేడు రంగు అంచుని తాకగానే 'సుయ్'మని ముంచేస్తాడు. చేసేదంతా ఒక నిమిషం పని. ఆ నిమిషమే ఆ గొడ్డలి.

కోరాపుట్ జిల్లా సునాబెడలో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ కార్ఖానా ఉంది, 1964లో మిగ్ విమానాల ఇంజన్ల కోసం పెట్టింది. అక్కడా ఉక్కుని కాలుస్తారు, చల్లారుస్తారు, మళ్ళీ కాస్త కాలుస్తారు. వాళ్ళు అంకెల్లో రాసుకునేదాన్ని ఈయన రంగుల్లో చదువుతాడు. అంత మాత్రాన రెండూ సమానమని అనడం లేదు. సంత గొడ్డళ్ళలో పదికి రెండు సరిగ్గా రావు, ఆ సంగతి ఆ డోంగ్రియా పెద్దాయనకి తెలుసు. అందుకే మోగించి చూసింది. ఇక్కడ తనిఖీ పని కొనేవాడిది. ధరలో మెరుగుతో పాటు తగ్గింది ఆ తనిఖీ కూలి.

ఇంకో వస్తువు కూడా చూపించాలి, కక్కుల కొడవలి. వరి కోతకి వాడేది. దాని పళ్ళని పదునుకి ముందే చిన్న ఉలితో ఒక్కొక్కటిగా కొడతారు. ఎడమచేత్తో ఉలి జరుపుతూ కుడిచేత్తో సుత్తి వేస్తుంటే చూపు వెళ్ళే లోపల వేలెడు మేర అయిపోతుంది. నా కొడవలి మీద భూతద్దం పెట్టి లెక్కపెడితే అంగుళానికి పద్దెనిమిది. ఒక అంగుళానికీ ఇంకో అంగుళానికీ ఒకటి మించి తేడా లేదు. స్కేలు లేదు, గీత లేదు. పళ్ళన్నీ పిడివైపు వాలి ఉంటాయి, కొడవలి లాగినప్పుడే తెగాలి కాబట్టి. అసలు తెలివి ఇంకొకటి. గాట్లు ఒక వైపు ముఖానికే కొడతారు. వాడి తగ్గితే రెండో వైపు సానపడతారు. సాన పట్టిన కొద్దీ గాట్లు అంచుకి కొత్తగా తేలుతూనే ఉంటాయి. కొడవలి సన్నబడి మెలితిరిగిపోయే దాకా పళ్ళు పోవు. మాల్లో మిషను పళ్ళ కొడవలి కూడా దొరుకుతుంది, అందంగానే ఉంటుంది. కొన్ని పనికొస్తాయి కూడా. కొన్నిట్లో పళ్ళు అంచుకి మాత్రమే ఉంటాయి, ఒక కోతతో సరి.

అలాగని మాలుని తీసిపారేయను. అక్కడా కొన్ని మంచి బేరాలున్నాయి, వెతికే చూపుండాలి. కొలత టేపు తీసుకోండి. 60, 70 రూపాయల టేపు కూడా చాలా పనులకి చాలు. చాలామంది కొస కొక్కెం కదులుతోందని లోపమనుకుని వెనక్కి ఇచ్చేస్తారు. అది లోపం కాదు, పనితనం. ఆ కొక్కెం తన మందం ఎంతో సరిగ్గా అంతే కదలాలి. బల్ల అంచుకి తగిలించి లాగి కొలిచినప్పుడు కొక్కెం మందం బయట ఉంటుంది, గోడకి నొక్కి కొలిచినప్పుడు లోపల ఉంటుంది. ఆ తేడాని ఆ కదలికే సరిచేస్తుంది. కొట్లోనే ఒక పుస్తకాన్ని రెండు రకాలుగా కొలిచి చూడండి. లెక్క కలిస్తే ఆ టేపు కొనేయండి.

రసమట్టం కూడా అంతే. గోడకి పెట్టి చూడగానే బుడగ మధ్యన ఉందని మురిసిపోకూడదు. అదే చోట అటుదిటు తిప్పి పెట్టాలి. రెండుసార్లూ బుడగ ఒకేచోట ఆగితే మట్టం నిజం, పక్కకి పోతే అబద్ధం. ఈ పరీక్షకి కానీ ఖర్చు లేదు, మా నాన్న చేసేవాడు. ఆయన మిల్లు ఫిట్టరు. దుకాణంలోకి ఆకురాయి జేబులో వేసుకుని వెళ్ళేవాడు. పానా దవడ లోపలి మూల ఎవరికీ కనపడని చోట ఒక్కసారి రుద్దేవాడు. ఆకురాయి 'కీచు'మని జారిపోతే గట్టిది. కరకరమని కొరికి పొడి రాలితే మెత్తది, కింద పెట్టేసేవాడు. దుకాణదారు చిరాకు పడితే, "నువ్వు అమ్ముతున్నది ఇనుమా, బెల్లమా చూసుకోవాలి గదయ్యా" అనేవాడు. నేను ఆకురాయి తీసుకెళ్ళకుండా మాలుకి వెళ్ళాను. నా పానా సంగతి చెప్పానుగా.

కటింగ్ ప్లయరుకి కాయితం పరీక్ష. దాని కోసే నోట్లో పల్చని కాయితం పెట్టి నొక్కితే కత్తెర వేసినట్టు తెగాలి. నలిగితే తీగనీ నలుపుతుంది. మధ్య రివెట్టు దగ్గర పక్కకి ఊగకూడదు. మూసి వెలుతురుకి పెడితే దవడల కొస దగ్గర వెలుగు కనిపించకూడదు. కాని కరెంటు పనికి మాత్రం చవక ప్లయరు, చవక టెస్టరు జోలికి పోకండి. పిడి తొడుగు మీద 1000 వోల్టులని ఎవరైనా అచ్చేసుకోవచ్చు. అక్కడ మానేసిన పని మన ప్రాణం మీద తేలుతుంది. ఆ ఒక్కదానికి పేరున్న సరుకు కొనండి, రెండింతలైనా సరే.

బట్టలకి, బూట్లకి వస్తే కథ ఇంకా చిక్కు. జేకేపురం కాగితపు మిల్లు 1962 నుంచి నడుస్తోంది. తెరుబలిలో కొలుములు, కాశీపురం వైపు అల్యూమినా కార్ఖానా ఉన్నాయి. కాంట్రాక్టు కూలీలు చాలామంది బూట్లూ చొక్కాలూ సొంత డబ్బుతో కొనుక్కునేవాళ్ళే. సేఫ్టీ బూటుకి ఐ.ఎస్. 15298 గుర్తు చూడాలి. వేళ్ళ మీది టోపీ 200 జౌళ్ళ దెబ్బ ఆపాలని ఆ ప్రమాణం. 20 కిలోల దిమ్మ మీటరు ఎత్తునుంచి కాలి మీద పడితే ఎంతో అంత. గుర్తు లేని బూటులో కూడా ఇనుప టోపీ ఉండొచ్చు, వేలితో కొడితే చప్పుడూ వస్తుంది. ఎంత మందమో మాత్రం ఆ చప్పుడు చెప్పదు.

బూట్లలో ఒక మోసం నేనే తిన్నాను. సగం ధరకి వచ్చాయని ఒకచోట బూట్లు కొన్నాను, కొత్తవే, డబ్బాలోవి. వానాకాలంలో రెండో వారానికి అడుగు రొట్టెముక్కలా చితికి విడిపోయింది. ఆ మెత్తని తేలిక అడుగు పాలీయురితేన్‌ది. అది వాడకపోయినా ఏళ్ళ తరబడి తేమ పీల్చి లోపల్లోపలే కుళ్ళుతుంది. చవక కొట్లకి చేరేవాటిలో గోదాముల్లో మగ్గిన సరుకూ ఉంటుంది. మా కొండల్లో తేమ సంగతి చెప్పనక్కర్లేదు. అందుకని ఇప్పుడు ధర చూసే ముందు నాలుక మీద తయారీ నెల, సంవత్సరం చూస్తాను. గోటితో అడుగుని నొక్కి, గుంట వెంటనే లేస్తోందో లేదో చూస్తాను. పనిలో పెట్టుకునే హెల్మెట్టుకి ఇంకా తేలిక. లోపలివైపు గడియారం ముఖంలా ఒక చిన్న చక్రం పోతపోసి ఉంటుంది. మధ్యలో సంవత్సరం, బాణం చూపించేది నెల. ఆ చక్రం, ఐ.ఎస్. 2925 అంకె రెండూ ఉన్నదే తీసుకోవాలి. ప్లాస్టిక్కుకీ వయసుంటుంది.

చొక్కాకి నా లెక్క రెండే. లోపలివైపు తిప్పి చంక కుట్టు చూడండి. బట్ట అంచులు ఒకదాన్నొకటి మడిచి పెట్టి రెండు వరసలు కుట్టి ఉంటే, చెమటకీ గుంజుడికీ నిలుస్తుంది. ఒంటి కుట్టు వేసి అంచుకి ఇంటర్‌లాక్ తిప్పి వదిలేస్తే, మొదట చిరిగేది అక్కడే. రెండోది, కుట్టు మడతలోంచి ఒక్క దారం లాగి అగ్గిపుల్ల చూపించండి. నూలైతే కాయితం కాలిన వాసన, బూడిద. పాలియెస్టరైతే కరిగి నల్లపూసలా ముద్దకడుతుంది. వెల్డింగు చేసేవాడికి, కొలిమి దగ్గర నిలబడేవాడికి ఆ పూస చర్మం మీద అంటుకుంటే ఏమవుతుందో ఊహించుకోండి. ఆరిపోవడం సులువు, ఇస్త్రీ అక్కర్లేదు అని పాలియెస్టరు చొక్కాలే ఎక్కువ అమ్ముతారు.

పనిబట్ట మాట వచ్చింది కాబట్టి కోట్‌పాడ్ గురించి చెప్పకపోతే తప్పు. కోరాపుట్ జిల్లా పడమటి కొసన ఉన్న ఊరు. అక్కడి మిర్గన్ నేతగాళ్ళు ఆదివాసీ ఆడవాళ్ళ కోసం నేసిన ముతక నూలు బట్ట అసలు ఒక పనిబట్టే. మోకాలి పైకి కట్టుకునేంత పొట్టిగా నేసేవారు, మడిలో దిగడానికి, కొండెక్కడానికి అడ్డురాకుండా. అందులో ముదురెరుపు ఆల్ చెట్టు వేరు బెరడుది. మన తొగరు జాతి చెట్టు అది. నూలుని ఆముదంలో, పేడనీళ్ళలో, బూడిద తేటలో నానబెట్టి, పిసికి, ఎండబెట్టి, మళ్ళీ నానబెట్టి, వారాల తరబడి ఆడవాళ్ళు చేసే పని. రంగు పైపూతలా కాక పోగులోపలికి దిగుతుంది. ఉతికిన కొద్దీ మెత్తనవుతుంది గాని వెలవెలబోదు. అంచుల్లో నేసే బొమ్మల్లో పీత, చేప, శంఖం, విల్లు ఉంటాయి. టాంగియా కూడా ఉంటుంది. పనిముట్టుని పనిబట్ట మీద నేసుకున్న జనం వీళ్ళు.

ఆ బట్టకి 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నేతగాడు గోవర్ధన్ పాణికకి 2018లో పద్మశ్రీ ఇచ్చారు. వాళ్ళు ఏ పనీ మానలేదు. అందుకే ఇప్పుడది చవక కాదు, పట్నాల్లో బీరువాల్లో ఉంటోంది. దాన్ని కట్టుకుని నాట్లు వేసిన ఆడవాళ్ళ మనవరాళ్ళు సంతలో మిల్లు చీర కొనుక్కుంటున్నారు. నాకు దీనికి సమాధానం లేదు. ఒక్కటి మాత్రం చూశాను. ఒక ఇంట్లో అమ్మమ్మ కోట్‌పాడ్ గుడ్డ చిరిగిన ముక్కని ఇంకా బిడ్డని వీపుకి కట్టుకోవడానికి వాడుతున్నారు. అంచు చెక్కుచెదరలేదు.

అమెరికాలో మా బావమరిది ఉన్నాడు. అక్కడ హార్బర్ ఫ్రైట్ అని 1977లో మొదలైన చవక పనిముట్ల దుకాణాలున్నాయి. గ్యారేజీలో సరదాగా పనిచేసుకునేవాళ్ళకి అదొక తీర్థం. అక్కడ జనం పాటించే లెక్క ఒకటి చెప్పాడు. ముందు చవకది కొను, అది విరిగితే నీకు ఆ పనిముట్టు నిజంగా అవసరమని రుజువైనట్టు, అప్పుడు మంచిది కొను. విన్నప్పుడు భేష్ అనిపించింది. తర్వాత ఆలోచిస్తే, అది ఆదివారం పనిచేసేవాడి లెక్క. ఇక్కడ మేస్త్రీ కింద పనికి పోయేవాడి పానా పదింటికి విరిగితే ఆ పూట కూలి పోతుంది. మంచి పానా ఖరీదు కంటే ఆ పూట కూలి ఎక్కువ. ఏడాదికి ఒకసారి తీసే వస్తువైతే బావమరిది లెక్క పాటించండి. రోజూ చేతిలో ఉండేదైతే డోంగ్రియా పెద్దాయన లెక్కే మేలు: మోగించి, కన్ను పెట్టి చూసి, గోటి మీద ఆనించి, ఆ తర్వాత బేరం.

చాటికోన వెళ్ళేవాళ్ళు పొద్దున్నే వెళ్ళండి. మంచి గొడ్డళ్ళు పదింటికల్లా కొండెక్కేస్తాయి.

మాలు సెట్టులో 13 నంబరు పానాని నేను పారేయలేదు. రంగు డబ్బాల మూతలు తీయడానికి వాడుతున్నాం. ఆ పనికి బాగానే ఉంది.